తలుపు దగ్గర రొదే

యెరూషలేములో ఒక రాత్రి. మార్కు అనే యోహాను తల్లి మరియ ఇంట్లో విశ్వాసులు చాలామంది కూడి ప్రార్థన చేస్తున్నారు. హేరోదు అప్పటికే యాకోబును కత్తితో చంపించాడు. పేతురును చెరసాలలో వేసి పదహారుమంది సైనికులను కాపలా పెట్టాడు. తెల్లవారితే ఆయనను జనం ఎదుటికి తేవాలన్నది రాజు ఆలోచన. ఆ రాత్రే దేవుని దూత వచ్చి పేతురును తట్టి లేపాడు. సంకెళ్లు ఊడిపడ్డాయి, ఇనుప గవిని దానంతటదే తెరుచుకుంది. పేతురు తిన్నగా మరియ ఇంటికి వచ్చి తలవాకిట నిలబడి తలుపు తట్టాడు.

తలుపు దగ్గరికి వచ్చింది రొదే అనే ఒక చిన్నది. పేతురు గొంతు గుర్తుపట్టింది. సంతోషం పట్టలేక తలుపు తీయడం కూడా మరచిపోయి లోపలికి పరుగెత్తింది. పేతురు వాకిట్లో ఉన్నాడని చెప్పింది. లోపల ఉన్నవారు సామాన్యులు కారు, రాత్రంతా మోకరించిన ప్రార్థనాపరులు. వాళ్లు ఏమన్నారు? నీకు పిచ్చి పట్టిందన్నారు. ఆ పిల్ల తన మాట మీద గట్టిగా నిలబడితే, అయితే అది పేతురు కాదు, అతని దూత అయి ఉంటుందని సర్దిచెప్పారు. ఇంత చర్చ జరుగుతున్నంతసేపూ పేతురు బయట చీకట్లో తలుపు తడుతూనే ఉన్నాడు (అపొస్తలుల కార్యములు 12వ అధ్యాయం).

ఈ భాగం మీద మనం ఎన్నో ప్రసంగాలు విన్నాం. సంఘం ఆసక్తితో ప్రార్థిస్తే చెరసాల తలుపులు తెరుచుకుంటాయని విన్నాం. ఆ మాట నిజమే. అయితే ఇందులో మరొక సంగతి కూడా ఉంది. చెరసాల ఇనుప తలుపు వెంటనే తెరుచుకుంది గాని, సంఘం కూడిన ఇంటి తలుపు వెంటనే తెరుచుకోలేదు. కారణం, కబురు తెచ్చింది ఒక చిన్నపిల్ల, అందులోనూ ఆ ఇంటి పనిపిల్ల. దేవుడు పంపిన జవాబును ఆ రాత్రి మొదట గుర్తుపట్టిన చెవి ఆమెదే. ఆ జవాబు కోసం ప్రార్థించినవారే ఆమె మాట నమ్మలేకపోయారు.

మన సంఘాల్లో ఆడపిల్లలు, యువతులు నాయకులుగా ఎదగడం గురించి ఆలోచించినప్పుడల్లా మాకు రొదే గుర్తుకొస్తుంది. దానికి కారణం ఉంది. ఆ గదిలో కూర్చున్నవారి స్థానంలో ఒకసారి మేమూ కూర్చున్నాం.

ఒక సండే స్కూలు టీచరు

కొన్నేళ్ల కిందటి మాట. మేము అప్పుడు ఒక పల్లె సంఘం కమిటీలో ఉన్నాం. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయి ఆ సంఘంలో సండే స్కూలు నడిపేది. ఆదివారం ఉదయం ఏడింటికే మందిరానికి వచ్చి, ఊడ్చి, చాపలు పరిచి, నలభైమంది పిల్లలకు కంఠత వాక్యాలు నేర్పేది. వేసవిలో వి.బి.ఎస్. అంతా ఆమె చేతుల మీదే జరిగేది. క్రిస్మస్ నాటిక ఆమే రాసేది. పిల్లల హాజరు పుస్తకం ఉంచేది. ఎవరైనా రెండు వారాలు రాకపోతే వాళ్ల ఇంటికి వెళ్లి కనుక్కునేది. ప్రతి ఏడూ సండే స్కూలు వార్షికోత్సవం నాడు ఆమెను ముందుకు పిలిచి ఒక స్టీలు గిన్నె బహుమతిగా ఇచ్చి చప్పట్లు కొట్టేవాళ్లం.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక కమిటీ జరుగుతుండగా ఆమె వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. ‘‘అయ్యగారూ, ఒక మాట చెప్పాలండి’’ అంది పాస్టరు గారితో. తన దగ్గర చదువుకునే ఒక పిల్ల, బడిలో పదో తరగతి, మూడు వారాలుగా రావడం లేదని, ఇంటికి వెళ్లి చూస్తే పెళ్లి కుదిర్చినట్టు తెలిసిందని, ఆ పిల్ల చదువుకుంటానని ఏడుస్తోందని చెప్పింది. ‘‘పెద్దలు మీరు ఒక్కసారి వెళ్లి వాళ్ల నాన్నతో మాట్లాడండి. మీరు చెబితే కాదనడు’’ అని అడిగింది.

ఒక పెద్దాయన నవ్వారు. ‘‘పెద్దల సంగతులు నీకెందుకమ్మా, నువ్వు పిల్లలకు పాటలు నేర్పుకో’’ అన్నారు. ఇంకొకరు, ‘‘వాళ్ల ఇంటి విషయంలో మనం జోక్యం చేసుకుంటే ఆ కుటుంబం గుడి మానేస్తుంది’’ అన్నారు. పాస్టరు గారు, ‘‘ప్రార్థన చేద్దాం’’ అన్నారు. మేము ఏమీ అనలేదు. ఆ రోజు కమిటీ ముందున్న విషయం మందిరానికి రంగులు వేయించడం. దాని మీద గంటన్నర మాట్లాడుకున్నాం.

ఆ పెళ్లి జరిగింది. మా మందిరంలో కాదు, పెళ్లికొడుకు ఊళ్లో. కాబట్టి మనకు సంబంధం లేదనుకున్నాం. రెండేళ్ల తర్వాత ఆ పిల్ల పుట్టింటికి వచ్చి, ఒళ్లో బిడ్డతో స్త్రీల వైపు చివరి వరుసలో కూర్చుంది. అప్పటికి ఆమెకు పదిహేడేళ్లు. ఇరవైమూడవ కీర్తనను ఒక్క తప్పు లేకుండా అప్పజెప్పి బహుమతి తీసుకున్న పిల్ల. ఆమె వైపు చూడలేక మేము పాటల పుస్తకం తెరిచి అందులోకి చూస్తూ కూర్చున్నాం. ఆ తర్వాతి ఏడాది టీచరు అమ్మాయి సండే స్కూలు బాధ్యత తనకు వద్దంది. ఎందుకని ఆమెను ఎవరూ అడగలేదు. పెళ్లి సంబంధాలు చూస్తున్నారేమో అని మాలో మేము అనుకున్నాం.

మరియ ఇంట్లోవాళ్లు ఆలస్యంగానైనా తలుపు తీశారు. మేము తీయనే లేదు.

నేర్పిస్తాం, అప్పగించం

న్యాయంగా మాట్లాడాలంటే, మన సంఘాలు ఆడపిల్లలకు చాలా నేర్పాయి. ఐదేళ్ల పిల్లను వందమంది ఎదుట నిలబెట్టి వాక్యం చెప్పిస్తాం. పదేళ్లకు పాట పాడిస్తాం. పద్నాలుగేళ్లకు అందరి ముందు ప్రార్థన చేయిస్తాం. మైకు పట్టుకుని తడబడకుండా మాట్లాడడం, సమయానికి రావడం, నలుగురితో కలిసి పని చేయడం, పోగుచేసిన కానుకను పైసాతో సహా అప్పగించడం ఆమె మన దగ్గరే నేర్చుకుంటుంది. నాయకత్వానికి మొదటి పాఠాలు ఇవే. ఇరవై ఏళ్లు వచ్చేసరికి ఆమె తయారై ఉంటుంది. సరిగ్గా అప్పుడే మనం ఆమెను ఆపేస్తాం.

అదే సండే స్కూలులో చదివిన ఆమె అన్నయ్య యూత్ సెక్రటరీ అవుతాడు. నాలుగేళ్లకు కమిటీలోకి వస్తాడు. పదేళ్లకు ట్రెజరర్ అవుతాడు. ఆమె మాత్రం పూల అలంకరణ దగ్గరికి, ప్రేమవిందు వడ్డన దగ్గరికి వెళుతుంది. ఆ పనులు తక్కువవని మేము అనడం లేదు. మార్త చేసిన పని కూడా ప్రభువు కోసమే. అయితే ప్రేమవిందుకు ఎన్ని బస్తాల బియ్యం తేవాలో నిర్ణయించే చోట కూడా ఆ వంట చేసే స్త్రీలు ఉండరు. ఇది ఎక్కడో కాదు, మనలో చాలామంది సంఘాల్లో జరుగుతున్నదే.

అడిగితే మనం చెప్పే కారణం ఒకటే. ‘‘ఆడపిల్ల కదండీ, రేపో మాపో పెళ్లయి వెళ్లిపోతుంది.’’ కాస్త ఆలోచిద్దాం. మన మగపిల్లలు ఊళ్లోనే ఉంటున్నారా? ఉద్యోగాలకని హైదరాబాదు, బెంగళూరు, గల్ఫ్ దేశాలు పోతున్నారు. రేపు వెళ్లిపోతాడని చెప్పి వాళ్లకు బాధ్యతలు ఇవ్వడం మానలేదే! పెళ్లయి వెళ్లే పిల్ల మరో సంఘానికే వెళుతుంది. ఇక్కడ నేర్చుకున్నది అక్కడ ఉపయోగపడుతుంది. దేవుని రాజ్యానికి అందులో నష్టమేమీ లేదు. నష్టమంతా మనం ఆమెను వాడుకోకుండా ఉంచిన సంవత్సరాల్లోనే ఉంది.

మన పునాదుల్లో ఎవరున్నారు?

తెలుగు సంఘ చరిత్ర తెలిసినవారు ఈ విషయంలో ఇంత వెనకాడరు. 1854 జనవరి 1న తెల్లవారుజామున ఒంగోలు కొండ మీద కొద్దిమంది మోకరించి ప్రార్థించారు. ఆ చోటును ఇప్పటికీ ప్రార్థన కొండ అంటాం. ఆ ఉదయం అక్కడ ఉన్నది ఐదుగురు. జ్యూయెట్ దొరగారు, ఆయన భార్య, క్రిస్టియన్ నరసు, జూలియా, రూతు. ఐదుగురిలో ముగ్గురు స్త్రీలు. ఆ ప్రార్థనకు ఇరవైనాలుగేళ్ల తర్వాత, 1878 జూలై 3న, ఒక్క రోజులోనే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ పంట గురించి మాట్లాడేటప్పుడు క్లౌ దొరగారి పేరు చెబుతాం, చెప్పాలి కూడా. కానీ కొండ మీద విత్తనం చల్లిన చేతుల్లో జూలియా, రూతుల చేతులు కూడా ఉన్నాయి.

గుంటూరులో కుగ్లర్ ఆసుపత్రి తెలియనివారుండరు. అన్నా సారా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చారు. ఆమె చదువుకున్న డాక్టరు. అయినా ఆమెను మొదట పంపింది స్త్రీల మధ్య పరిచర్యకు, పాఠశాలల పనికి. వైద్యపరిచర్యకు అధికారికంగా నియమించడానికి మరి రెండేళ్లు పట్టింది. ఆమె మాత్రం వచ్చిన రోగులను చూస్తూనే ఉన్నారు. 1898లో ఆసుపత్రి తెరిచారు. అప్పటి మిషను పెద్దలు కూడా తలుపు తీయడానికి కొంత సమయం తీసుకున్నారన్నమాట!

ఇక బైబిలు స్త్రీల సంగతి. ఊరూరా కాలినడకన తిరిగి, మగవారు అడుగుపెట్టలేని ఇళ్లలోకి వెళ్లి, అక్షరాలనూ వాక్యాన్నీ కలిపి నేర్పినవారు వాళ్లు. వాళ్లలో ఎక్కువమంది పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు. మన నాయనమ్మలు, అమ్మమ్మలు బైబిలు చదవగలిగారంటే దాని వెనుక వాళ్ల నడక ఉంది.

దగ్గరి కాలానికి వస్తే, 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘానికి మొదటి మహిళా బిషప్‌ను ఇచ్చింది తెలుగు నేలే. 2013లో నంద్యాల డయోసిస్‌కు ఇ. పుష్పలలిత గారు బిషప్‌గా అభిషేకం పొందారు. అరవైఆరేళ్లు పట్టింది. అయితే ఆ రోజు గర్వపడిన మన సంఘాల్లోనే ఎన్నింటి కమిటీల్లో ఒక యువతి ఉందో ఎవరికి వారు లెక్క చూసుకోవాలి. పైన ఒక కుర్చీ దొరికినంత మాత్రాన కింద గుమ్మాలన్నీ తెరుచుకున్నట్టు కాదు.

పౌలు మాట మరచిపోయారా?

ఇక్కడ కొందరు పాఠకులు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 14వ అధ్యాయం, తిమోతికి రాసిన మొదటి పత్రిక 2వ అధ్యాయం చూపిస్తారని మాకు తెలుసు. స్త్రీలు మౌనంగా ఉండాలని పౌలు రాశాడు కదా అంటారు. ఆ మాటలను మేము తీసి పక్కన పెట్టడం లేదు. వాటితోపాటు అదే పౌలు రాసిన తక్కినవి కూడా చదవమంటున్నాం. కొరింథీయులకు రాసిన అదే పత్రిక 11వ అధ్యాయంలో స్త్రీలు ప్రార్థించేటప్పుడు, ప్రవచించేటప్పుడు ఎలా ఉండాలో ఆయన చెప్పాడు. వాళ్లు నోరు విప్పడమే లేకపోతే ఆ సలహా అవసరమే లేదు. రోమీయులకు రాసిన పత్రిక చివర కెంక్రేయ సంఘ పరిచారకురాలైన ఫీబేను పేరు పెట్టి అప్పగించాడు. ఆమెకు ఏ పనిలో సహాయం కావాలన్నా చేయమన్నాడు. ఆమె తనతో సహా అనేకులకు సహాయపడిందని సాక్ష్యమిచ్చాడు. లేఖనాల్లో ప్రవీణుడైన అపొల్లోకు దేవుని మార్గాన్ని మరింత వివరంగా విడమరచి చెప్పింది అకుల ఒక్కడే కాదు, ప్రిస్కిల్ల కూడా.

ప్రసంగ వేదిక విషయంలో మన సంఘాలన్నీ ఒకే అభిప్రాయంతో లేవు. కొన్ని స్త్రీలకు గురుత్వ అభిషేకం ఇస్తున్నాయి, కొన్ని ఇవ్వడం లేదు. ఆ చర్చ ఈ చిన్న వ్యాసంలో తెగేది కాదు. మేము అడుగుతున్నది అంతకంటే చాలా చిన్నది. సంఘం లెక్కలు చూడడానికి, సండే స్కూలు గురించి నిర్ణయం చేయడానికి, బడి మానేసిన పిల్ల కోసం పెద్దలను కదిలించడానికి ఒక యువతికి ఏ వచనం అడ్డం వస్తోంది? ఏ వచనమూ రావడం లేదు. అడ్డం వస్తున్నది మన అలవాటు. అలవాటుకు వాక్యం తొడుగు తొడిగి కూర్చోవడం వాక్యానికి గౌరవం కాదు.

మోషే ఏం చేశాడు?

సంఖ్యాకాండం 27వ అధ్యాయంలో మరో గుమ్మం ఉంది. సెలోపెహాదుకు కొడుకులు లేరు, ఐదుగురు కూతుళ్లు. మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా. తండ్రి చనిపోయాడు. కొడుకులు లేరు కాబట్టి అతని పేరు, అతని వాటా రెండూ పోతాయి. ఆ ఐదుగురు అక్కచెల్లెళ్లు ప్రత్యక్షపు గుడారం ద్వారం దగ్గరికి వచ్చి మోషే ఎదుట, యాజకుడైన ఎలియాజరు ఎదుట, ప్రధానుల ఎదుట, సర్వసమాజం ఎదుట నిలబడ్డారు. మా తండ్రి సహోదరులతోపాటు మాకూ స్వాస్థ్యం ఇవ్వండని అడిగారు.

మోషే వయసులో, అనుభవంలో ఎంత పెద్దవాడు! పెద్దల సంగతులు మీకెందుకమ్మా అనలేదు. నవ్వలేదు. ఆనవాయితీ ఇది అని పంపేయలేదు. వాళ్ల మాటను వాళ్లు చెప్పినట్టే దేవుని సన్నిధికి తీసుకువెళ్లాడు. ఆ ఆడపిల్లలు చెప్పింది న్యాయమేనని దేవుడు తీర్పిచ్చాడు. ఆ ఐదుగురి కోసమే కాదు, ఇశ్రాయేలులో అలాంటి ఇళ్లన్నిటి కోసం చట్టం ఏర్పడింది. గుమ్మం దగ్గర నిలబడ్డ అమ్మాయి మాట విన్నందువల్ల మోషే పెద్దరికం తగ్గిందా? మా కమిటీ గుమ్మం దగ్గర ఆ టీచరు నిలబడ్డ రోజున మాలో ఒక్కరికి కూడా ఈ అధ్యాయం గుర్తురాలేదు.

నాయకత్వమంటే వేదిక, దండ, పేరుకు ముందు బిరుదు అనుకుంటాం. సెలోపెహాదు కూతుళ్లకు ఏ పదవీ లేదు. అన్యాయాన్ని చూడడం, దాన్ని చెప్పవలసినవారి ఎదుట నిలబడి చెప్పడం, తమ తర్వాతివారికి కూడా దారి పడేలా చేయడం వాళ్లు చేసిన పని. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు చేసిందీ అదే. రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకున్న ఆ కూలి తల్లులు సారా దుకాణానికి అడ్డం నిలబడ్డారు. వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతా మోగింది. 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం సారాను నిషేధించక తప్పలేదు. ఏ కమిటీ వాళ్లకు నాయకత్వం ఇచ్చింది?

ఎందుకు ఇంత తొందర?

‘‘కాలం మారుతోంది కదా, మెల్లగా అన్నీ అవే సర్దుకుంటాయి’’ అనేవారికి ఒక లెక్క చెప్పాలి. 2019-21లో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, ఇరవై నుంచి ఇరవైనాలుగేళ్ల వయసున్న స్త్రీలలో పద్దెనిమిది నిండకముందే పెళ్లయినవారు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. దేశం మొత్తం మీద 23.3 శాతం. అంటే మన రెండు రాష్ట్రాలూ దేశ సగటు కంటే వెనుకే ఉన్నాయి. ఆంధ్రలో పదిమందిలో దాదాపు ముగ్గురు. ఆ ముగ్గురూ మన సంఘాల బయటివాళ్లేనని అనుకోవడానికి ఏ ఆధారమూ లేదు. మా అనుభవం అలా చెప్పడం లేదు.

బాల్యవివాహ నిషేధ చట్టం 2006లో వచ్చింది. పద్దెనిమిది నిండని పిల్లకు పెళ్లి చేయడం నేరం. అలాంటి పెళ్లి జరిపించినవారికి రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉంటాయి. 1098కి ఫోను చేస్తే పిల్లల సహాయానికి అధికారులు వస్తారు. చట్టం ఉంది, ఫోను ఉంది. కానీ ఏ ఇంట్లో ఏ పిల్ల ఏడుస్తోందో పెద్దలకంటే ముందు తెలిసేది ఆ పిల్లకంటే నాలుగేళ్లు పెద్దదైన సండే స్కూలు అక్కకే. ఆమెకు సంఘంలో మాట లేకపోతే ఆ పిల్లకు గొంతు లేనట్టే. యువతుల నాయకత్వం గురించి మేము ఇంత పట్టుపట్టి రాస్తున్నది అందుకే.

వచ్చే ఆదివారం నుంచి

పెద్ద ప్రణాళికలు అక్కరలేదు. ఏ చిన్న సంఘమైనా చేయగలిగిన కొన్ని పనులు చెబుతాం.

మొదటిది, నెలకొకసారి సండే స్కూలు టీచర్లను కమిటీకి పిలిచి, కుర్చీ వేసి, వాళ్ల నివేదికను అన్నిటికంటే ముందు వినండి. ఎవరు రావడం లేదు, ఎందుకు రావడం లేదు, ఎవరి చదువు ఆగింది అనే సంగతులు సంఘం మినిట్స్ పుస్తకంలో రాయండి. రాసిన మాటకు జవాబు చెప్పవలసి ఉంటుంది.

రెండవది, కమిటీలో కనీసం ఇద్దరు యువతులకు స్థానం ఇవ్వండి. ఒక్కతే ఉంటే భయపడి నోరు విప్పదు, ఇద్దరుంటే ఒకరికొకరు తోడు. స్థానంతోపాటు నిజమైన పని అప్పగించండి. మన రెండు రాష్ట్రాల్లో పంచాయతీల్లో సగం స్థానాలు స్త్రీలవి. అయినా చాలా ఊళ్లలో సంతకం భార్యది, పెత్తనం భర్తది. అదే తంతు సంఘంలో కూడా చేస్తే దేవుని ఇంట్లో అబద్ధం ఆడినట్టవుతుంది.

మూడవది, కమిటీ సమావేశాలు రాత్రి తొమ్మిదింటికి పెట్టకండి. పగలు, ఆరాధన అయిన వెంటనే పెట్టండి. ‘‘పిలిచాం, వాళ్లే రాలేదు’’ అనే మాటకు అప్పుడు తావుండదు. ఊళ్లో నలుగురూ ఏమనుకుంటారోనన్న తల్లిదండ్రుల భయం కూడా తగ్గుతుంది.

నాలుగవది, సంఘంలో ఏ పెళ్లి ప్రకటన చదివే ముందైనా వయసు ధృవీకరణ పత్రం చూడండి. పెళ్లి వేరే ఊళ్లో జరుగుతున్నా సరే, పిల్ల మన సంఘం పిల్లే.

ఐదవది, ఇది స్త్రీల సమాజం పెద్దమ్మలకు. ‘‘మా కాలంలో మేము నోరెత్తామా’’ అని యువతులను ఆపేది చాలాసార్లు మీరే. మరియ తన బంధువురాలైన ఎలీసబెతు ఇంటికి వెళ్లినప్పుడు ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. నమ్మశక్యం కాని సంగతి మోసుకొచ్చిన ఆ పడుచుపిల్లను ఎలీసబెతు అనుమానించలేదు. దీవించింది. మూడు నెలలు తన ఇంట్లో ఉంచుకుంది. మీ ఇంటి పక్కనున్న అమ్మాయికి అలాంటి పెద్దమ్మ దొరికితే ఆమె సగం గెలిచినట్టే.

ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న

చాలా ఏళ్ల తర్వాత మేము ఒక పెళ్లిలో ఆ టీచరు అమ్మాయిని చూశాం. ఇప్పుడు ఆమె వేరే జిల్లాలో ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయురాలు. ఇద్దరు పిల్లలు. పక్కకు పిలిచి, ఆ రోజు నోరు విప్పనందుకు మమ్మల్ని క్షమించమని అడిగాం. ఆమె కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, ‘‘అదంతా అయిపోయింది అంకుల్. ఇప్పుడు అక్కడ సండే స్కూలు ఎవరు చెబుతున్నారు? ఆ అమ్మాయిని కమిటీకి పిలుస్తున్నారా?’’ అని అడిగింది.

ఆ రోజు మా దగ్గర జవాబు లేదు. తిరిగి వచ్చాక పాస్టరు గారితో, పెద్దలతో ఈ సంగతి అంతా విప్పి చెప్పాం. వాదనలు జరిగాయి. ఒకరిద్దరు అలిగారు. చివరికి ఇద్దరు యువతులు కమిటీలోకి వచ్చారు. ఒకామెకు కానుకల లెక్క అప్పగించాం. మొదటి నెలలోనే రెండు చోట్ల తేడా పట్టుకుంది. దొంగతనం కాదు, రసీదు లేని ఖర్చులు. ఇప్పుడు ప్రతి నెలా లెక్కను తెల్ల కాగితం మీద రాసి మందిరం గోడకు అంటిస్తోంది. ముసలమ్మలు సైతం దాని దగ్గర ఆగి ఎవరితోనైనా చదివించుకుంటున్నారు. రెండో ఆమె సండే స్కూలు నివేదిక చదువుతుంది. పోయినసారి చదివినప్పుడు బడి మానేసిన ఒక పిల్ల పేరు చెప్పింది. ఈసారి ‘‘ప్రార్థన చేద్దాం’’ అన్న పాస్టరు గారే, ప్రార్థన ముగించి చెప్పులు వేసుకున్నారు. ముగ్గురం కలిసి ఆ ఇంటికి వెళ్లాం. ఆ పిల్ల మళ్లీ బడికి పోతోంది.

దీనితో మా పాత తప్పు మాసిపోయిందని మేము అనుకోవడం లేదు. పదిహేడేళ్లకే ఒళ్లో బిడ్డతో చివరి వరుసలో కూర్చున్న పిల్ల కోసం మేము వెనక్కి వెళ్లి ఏమీ చేయలేం. కానీ ఆమె చెల్లెళ్లు మన సండే స్కూళ్లలో ఈ రోజు కూడా చాపల మీద కూర్చుని కంఠత వాక్యాలు చెబుతున్నారు.

ప్రియ పాఠకులారా, పేతురు తలుపు తట్టడం మానలేదు కాబట్టి ఆ రాత్రి సంఘం తన తప్పు దిద్దుకోగలిగింది. ప్రభువు మన మీద కూడా ఓర్పుతోనే ఉన్నాడు. వచ్చే ఆదివారం మీ కమిటీ కూర్చున్నప్పుడు ఒక్కసారి గుమ్మం వైపు చూడండి. అక్కడ ఒక రొదే నిలబడి ఉంటే లోపలికి పిలవండి. ఆమె మాట పూర్తయ్యేదాకా వినండి. తర్వాత లేచి వెళ్లి తలుపు తీయండి.